ఒకే పోలికల సైన్స్ ఫిక్షన్ యాక్షన్ చిత్రాలు: ప్యారిస్ కోర్టు చూసిన చూపుతోనే మన కోర్టులూ చూస్తాయా?

కాలయంత్రం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను సైన్స్ ఫిక్షన్ కథలు రాస్తాను. జాన్ కార్పెంటర్ 1981లో తీసిన ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’నూ, లూక్ బెసాన్ సంస్థ యూరోపాకార్ప్ నుంచి 2012లో వచ్చిన ‘లాకౌట్’నూ ఈ మధ్య ఒకదాని వెంట ఒకటి చూశాను. రెండోది మొదటిదానికి అనుకరణ అని ప్యారిస్ కోర్టు తేల్చి నష్టపరిహారం ఇప్పించిందని ముందే చదివి ఉన్నాను కాబట్టి, న్యాయమూర్తులకు ఏం కనిపించి ఉంటుందా అని వెతుక్కుంటూనే చూశాను.

నాకు కొరుకుడు పడని సంగతి ఏమిటంటే, మొదటి చిత్రంలో మన్‌హటన్ దీవి మొత్తాన్ని చుట్టూ గోడ కట్టి జైలుగా మార్చేస్తారు; రెండోదానిలో జైలు భూమి చుట్టూ కక్ష్యలో తిరిగే ఒక అంతరిక్ష కేంద్రం. అక్కడ చిక్కుకున్నది అమెరికా అధ్యక్షుడు, ఇక్కడ అధ్యక్షుడి కూతురు. అక్కడి కథ 1997లో జరుగుతుంది, ఇక్కడిది 2079లో. మాటల తీరు వేరు, వేగం వేరు, నాయకుడి హాస్యం వేరు. శిక్ష పడ్డ ఒక మొండి మనిషిని ఖైదీల మధ్యలోకి పంపి, బందీని విడిపించుకు వస్తే క్షమాభిక్ష ఇస్తామనడం ఒక ఆలోచన మాత్రమే కదా? ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదని చట్టం తెలిసినవాళ్లంతా చెబుతుంటే, ఈ తీర్పు ఎలా నిలబడింది?

దీనికి తోడు, మనమంతా తెలుగులో ‘రోబో’గా చూసిన శంకర్ చిత్రం మీద ఏళ్ల తరబడి సాగుతున్న వివాదం గురించి కూడా తెలిసినవారు వివరిస్తే బాగుంటుంది. అలాంటి కథలు రాసేవాళ్లకు ఇది కాలక్షేపం చర్చ కాదు. రేపు నా కథను పోలిన సినిమా వస్తే నాకు నిజంగా హక్కు ఉందా లేదా అన్నది దీన్ని బట్టే తెలుస్తుంది.

ప్రవాసి (సమాధానం):

కాలయంత్రం గారూ, నేను ఫ్రాన్సులో మేధో సంపత్తి చట్టం చదువుకున్నాను. ఆ తీర్పు గురించి నాకు తెలిసింది కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే దాని బలమంతా వివరాల్లోనే ఉంది.

ఆ దావాలో వాదులు ముగ్గురు: కార్పెంటర్, ఆయనతో కలిసి కథ రాసిన నిక్ కాసిల్, చిత్రం హక్కులు కలిగిన స్టూడియోకెనాల్ సంస్థ. 2015లో కింది కోర్టు కార్పెంటర్‌కు 20,000, కాసిల్‌కు 10,000, సంస్థకు 50,000 యూరోలు ఇవ్వమంది. బెసాన్ పక్షం అప్పీలుకు వెళితే 2016లో పై కోర్టు ఆ తీర్పును సమర్థించడంతో ఆగలేదు. చెల్లించాల్సిన మొత్తాన్ని 4,50,000 యూరోలకు పెంచింది.

మీరు చూపిన తేడాలు కోర్టు దృష్టికి రాలేదనుకోకండి. కథ జరిగే చోటు వేరని, రెండో చిత్రం మరింత ఆధునికంగా ఉందని తీర్పులోనే ఒప్పుకున్నారు. అయినా వాళ్లు పట్టుకున్నది సంఘటనల వరుసను. ఒకప్పుడు దేశం కోసం పోరాడి, ఇప్పుడు ఏకాంత శిక్షకు గురైన, దేహబలం గల, ఎవరినీ లెక్కచేయని, ఎవరినీ నమ్మని నాయకుడు. అతని స్వేచ్ఛకు బదులుగా అధ్యక్షుణ్ణో అధ్యక్షుడి కూతుర్నో విడిపించమనే ఒప్పందం. ఎవరి కంటా పడకుండా ఒకచోట గ్లైడర్‌లో, మరోచోట అంతరిక్ష నౌకలో లోపలికి చేరడం. అక్కడ తన పాత సహచరుడు ఒకడు తారసపడి, ఆ తర్వాత చనిపోవడం. ఆఖరి క్షణంలో పని పూర్తి కావడం. చివరకు ఆ ప్రయత్నంలో చేతికి వచ్చిన రహస్య పత్రాలను ప్రభుత్వానికి అప్పగించకుండా నాయకుడు తన దగ్గరే ఉంచుకోవడం.

వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఎవరి సొత్తూ కాదు. జైలు నుంచి బందీని తప్పించే కథలు, పాత మిత్రుడు ప్రాణం పోగొట్టుకునే కథలు కోకొల్లలు. కానీ ఇవన్నీ ఇదే వరుసలో, ఒకే రకం మనిషి చుట్టూ, ఒకే రకం ముగింపు దాకా నడిస్తే, ఆ కూర్పు రచయిత సొంత సృష్టి అవుతుందని ఫ్రెంచి న్యాయస్థానాలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆలోచనలు అందరివీ అన్న సూత్రం అక్కడా ఉంది. దానికి తోడు మరో సూత్రం కూడా ఉంది: అనుకరణను పోలికలను బట్టే నిర్ణయించాలి, తేడాలను బట్టి కాదు. అంటే నకలు తీసినవాడు పైన ఎన్ని కొత్త అలంకారాలు చేర్చినా, తీసుకున్నది తీసుకున్నదే అవుతుంది. మీ సందేహానికి అసలు జవాబు ఇక్కడే ఉంది. మన్‌హటన్‌కు బదులు అంతరిక్షం పెట్టడం తేడాయే, అయితే అక్కడి తూకంలో తేడాలకు బరువు తక్కువ.

ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది చివరి అంశం. గ్లైడరూ అంతరిక్ష నౌకా ఒకటేననడం కొంత సాగదీసినట్టే ఉంటుంది. కానీ పని ముగించి, క్షమాభిక్ష పొంది కూడా, ఆ రాజ్యానికి కావలసినదాన్ని దాని చేతికి అందనివ్వని నాయకుణ్ణి చూపడం ఒక రచయిత లోకాన్ని చూసిన తీరు. పాత చిత్రంలో అతడు శిఖరాగ్ర సమావేశానికి చేరాల్సిన క్యాసెట్టును మార్చేసి, అసలు టేపును పీకి పారేస్తూ నడిచిపోయే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ముగింపు కథకు అదనంగా తగిలించినది కాదు. ఆ పాత్ర పుట్టిందే దానికోసం. అది కూడా ఇంకో చిత్రంలో తిరిగి కనిపించినప్పుడు, యాదృచ్ఛికం అన్న వాదన నాకైతే నిలవదు.

ఇంకొక్క మాట. ‘మెటల్ గియర్ సాలిడ్’ అనే వీడియో ఆట మీద కూడా హక్కుదారు సంస్థ దావా వేయాలనుకుంటే, దాని దర్శకుడు మంచివాడని తెలిసి తానే వద్దన్నానని కార్పెంటర్ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. పోలిక కనిపించిన ప్రతిచోటా కోర్టుకు ఎక్కే మనిషి కాదన్నమాట.

న్యాయవాది, హైదరాబాద్ (సమాధానం):

ప్రవాసి గారు చెప్పిన ‘పోలికలే చూడాలి’ అన్న సూత్రం దగ్గరే మన దారి వేరవుతుంది. మన దేశంలో ఇలాంటి ప్రతి వివాదమూ 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో ఇచ్చిన తీర్పు దగ్గరే మొదలవుతుంది. ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాసిన ఆనంద్, 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ చిత్రం తన నాటకానికి నకలని దావా వేశారు. రెండింటిలోనూ ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, వాటి మధ్య ప్రేమ, ప్రాంతీయ దురభిమానం ఉన్నాయి. చిత్రంలో వాటికి తోడు ఇల్లు అద్దెకు దొరకడంలో ఎదురయ్యే వివక్ష, వరకట్న దురాచారం లాంటివి కూడా ఉన్నాయని, నాటకం మాత్రం ఒక్క అంశం చుట్టే తిరిగిందని కోర్టు గమనించి, నకలు కాదని తేల్చింది.

ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక లేదా పౌరాణిక విషయానికి కాపీరైట్ ఉండదని, ఉండేది ఆ ఆలోచనను వ్యక్తం చేసిన రూపానికి, అమరికకు మాత్రమేనని ఆ తీర్పు చెబుతుంది. రెండింటినీ చదివిన లేదా చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి నకలే అన్న నిస్సందేహమైన అభిప్రాయం కలగాలన్నది అందులోని పరీక్ష. పోలికలతో పాటు విస్తృతమైన తేడాలు కూడా ఉంటే, నకలు తీసే ఉద్దేశం లేదనడానికి అవే ఆధారమవుతాయని కూడా అందులో ఉంది. అందువల్ల ‘లాకౌట్’ వివాదమే ఇక్కడి కోర్టు ముందుకు వచ్చి ఉంటే, అంతరిక్ష కేంద్రమూ, అధ్యక్షుడి కూతురి పాత్రా, ఇతర మార్పులూ ప్రతివాదికి ప్యారిస్‌లోకన్నా చాలా ఎక్కువ పనికివచ్చేవి. వాది ఓడిపోయేవాడని ఖాయంగా అనలేను. ముఖ్యమైన భాగాన్నే తీసుకున్నారని, ఆ వరుస మొత్తం తన సృష్టేనని నిరూపించగలిగితే ఆనంద్ తీర్పే వాదికి కూడా ఆసరా. కానీ కొండ మాత్రం ఇక్కడ మరింత నిటారుగా ఉంటుంది.

చాలామంది పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. కాపీరైట్ చట్టంలో కథకూ స్క్రిప్టుకూ సాహిత్య రచనగా ఒక హక్కు, పూర్తయిన చిత్రానికి సినిమాటోగ్రాఫ్ ఫిల్ముగా మరో హక్కు విడివిడిగా ఉంటాయి. చిత్రానికి ‘కాపీ’ అంటే ఆ ప్రింటునే భౌతికంగా నకలు తీయడమని, మళ్లీ కొత్తగా షూట్ చేస్తే అది నకలు కిందికి రాదని 2002లో బొంబాయి హైకోర్టు ఒక ప్రకటన చిత్రం వివాదంలో చెప్పింది. 2019లో టైర్ల ప్రకటనల మీద వచ్చిన మరో వివాదంలో ఢిల్లీ హైకోర్టు దానితో విభేదించి, కొత్తగా షూట్ చేసినా సారం, ముఖ్యభాగం తీసుకుంటే నకలే కావచ్చంది. ఫ్రేముకు ఫ్రేము అనుకరించిన పోరాట సన్నివేశాలున్న సినిమాల మీద వాదించేటప్పుడు ఈ భేదం ఎంతో ముఖ్యం.

ఇక ‘రోబో’ సంగతి. 2010లో ‘ఎందిరన్’గా తమిళంలో వచ్చిన ఆ చిత్రం, 1996లో పత్రికలో అచ్చయిన తన ‘జుగిబా’ కథకు నకలని రచయిత ఆరూర్ తమిళ్‌నాడన్ ఆరోపించారు. ఆయన ఒకవైపు సివిల్ దావా, మరోవైపు క్రిమినల్ ఫిర్యాదు వేశారు. సివిల్ దావాను మద్రాసు హైకోర్టు 2023లో కొట్టేసింది. క్రిమినల్ ఫిర్యాదు ఆధారంగా ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ 2025 ఫిబ్రవరిలో దర్శకుడి ఆస్తులు మూడింటిని, 10.11 కోట్ల రూపాయల విలువైనవి, తాత్కాలికంగా జప్తు చేసింది. కాపీరైట్ ఉల్లంఘనను నేరంగా చూసే, కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ మనీ లాండరింగ్ నిరోధక చట్టం షెడ్యూలులో ఉండటమే దీనికి దారి. రెండు రచనల మధ్య గణనీయమైన పోలికలున్నాయన్న పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నివేదికను కూడా ఆ సంస్థ ఆధారంగా చూపింది. మార్చిలో హైకోర్టు ఆ జప్తు మీద స్టే ఇచ్చింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కథ ఎవరిదన్నది సివిల్ కోర్టు సాక్ష్యాలతో తేల్చాల్సిన ప్రశ్న. ఒక కోర్టు నకలు కాదని చెప్పిన తర్వాత, అదే విషయంలో మరో సంస్థ ఆస్తులు జప్తు చేసే పరిస్థితి అటు దర్శకుడికి గానీ, ఇటు నిజంగా అన్యాయం జరిగిన రచయితలకు గానీ మేలు చేయదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. తెలిసి తెలిసి చేసిన నకలుకు ఆ శిక్ష ఉండటంలో తప్పులేదు. దాన్ని దాటి ముందుకు పోయినప్పుడే అసలు ప్రశ్న మరుగునపడుతుంది.

తెరవెనుక (సమాధానం):

నేను సినిమాల కథా విభాగంలో పనిచేస్తాను. పై ఇద్దరూ చెప్పిన చట్టంతో నాకు పేచీ లేదు. కానీ పోలికల జాబితా రాసి ముందు పెట్టగానే నేరం రుజువైనట్టు భావించే ధోరణి మీద మాత్రం అభ్యంతరం ఉంది, ఎందుకంటే మా పనిలో దాని దెబ్బ ఎక్కువగా తగిలేది కొత్త రచయితలకే.

జాబితాలు ఎలా తయారవుతాయో చూడాలంటే ‘స్టార్ వార్స్’, ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ కేసు చూడండి. 1978లో ‘స్టార్ వార్స్’ తీసిన ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ ‘గెలాక్టికా’ టీవీ ధారావాహిక మీద దావా వేసి, 34 పోలికలు చూపింది. వాటిలో 13ను అప్పీలు కోర్టు తీర్పులో ఉదహరించారు. గెలాక్సీలో ప్రజాస్వామ్య శక్తులకూ నియంతృత్వ శక్తులకూ మధ్య యుద్ధం అని మొదలై, నాయకుడి పక్షాన ఉన్న మంచి రోబో తీవ్రంగా దెబ్బతినడం లేదా నాశనం కావడం, వింత ప్రాణులు సంగీతం వాయించే పానశాల దృశ్యం దాకా అందులో ఉన్నాయి. ధారావాహిక తీసిన పక్షం కూడా ఊరుకోలేదు; ‘స్టార్ వార్స్’లోని చిన్న రోబోలు 1972 నాటి తమ ‘సైలెంట్ రన్నింగ్’ నుంచి వచ్చాయని ఎదురు దావా వేసింది. కింది కోర్టు 1980లో విచారణ లేకుండానే ఫాక్స్ దావాను తోసిపుచ్చితే, 1983లో అప్పీలు కోర్టు ఇది విచారణ జరిపి తేల్చాల్సిన విషయమేనంది. అంతే తప్ప నకలు అని చెప్పలేదు. చివరకు ఏ తీర్పూ లేకుండానే ఆ వివాదం ముగిసింది. ఈ మూడు దశలూ వేరువేరు అన్న సంగతి మన చర్చల్లో తరచూ కలగాపులగం అయిపోతుంది.

‘టెర్మినేటర్’ విషయంలోనూ ఇంతే. 1964లో ‘ది అవుటర్ లిమిట్స్’ ధారావాహికకు తాను రాసిన ఒక భాగానికీ 1984 నాటి ఈ చిత్రానికీ పోలిక ఉందని హార్లన్ ఎలిసన్ అభ్యంతరం చెబితే, నిర్మాణ సంస్థ డబ్బిచ్చి రాజీ చేసుకుని, ఆ తర్వాతి ప్రింట్లలో ఆయన రచనలకు కృతజ్ఞత చెప్పే వాక్యం చేర్చింది. దర్శకుడు జేమ్స్ కామెరాన్ మాత్రం ఆ ఆరోపణను ఎన్నడూ అంగీకరించలేదు. రాజీ జరిగిందంటే దొంగతనం రుజువైందని కాదు, కాలేదని కూడా కాదు.

దీనికన్నా బాధ కలిగించేది ‘మేట్రిక్స్’ పుకారు. ఆ చిత్రాలూ ‘టెర్మినేటర్’ చిత్రాలూ తన రచన నుంచే వచ్చాయంటూ ఒక రచయిత్రి 2003లో దావా వేస్తే, 2005లో కోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోపు ఆమె గెలిచిందని ఒక కళాశాల విద్యార్థుల పత్రికలో పొరపాటు వార్త రావడంతో, కోట్ల డాలర్లు వచ్చాయన్న కథనం ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది. వాట్సాప్‌లో అది తెలుగులోనూ నాకు చేరింది. పాపం, అది చదివిన కొత్త రచయితలు కోర్టుకు వెళితే చాలు న్యాయం దక్కుతుందని నమ్మి, ఆధారాలు కూర్చుకోవడం మానేస్తారు.

ఈ తరహా సినిమాల్లో యంత్రానికి మనసు రావడం, కాలంలో వెనక్కి వెళ్లి హంతకుణ్ణి ఆపడం, గోడ లోపలి నగరం లాంటివి అందరూ వాడుకునే సరుకు. వాటిని కూడా ఒకరి పేరిట రాసేస్తే ఇంకెవరూ ఈ కథలు రాయలేరు. అయితే ‘లాకౌట్’ విషయంలో ప్రవాసి గారు చూపిన ముగింపు పోలిక నాకూ నిజమైన ఆధారంగానే కనిపిస్తోంది. అది సరుకు కాదు, పనితనం.

కాలయంత్రం (ప్రశ్న అడిగినవారు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. తేడాలకు ఎంత విలువ ఇవ్వాలన్న దగ్గరే రెండు దేశాల దారులు చీలుతున్నాయని ఇప్పుడు స్పష్టమైంది. న్యాయవాది గారిని ఇంకొకటి అడగాలి. పత్రికలో అచ్చయిన కథకు తేదీ ఉంటుంది, సరే. కానీ సినిమావాళ్లకు మనం చాలాసార్లు కథను నోటితోనే వినిపిస్తాం. అప్పటికి చేతిలో ఉండేది రెండు పేజీల సినాప్సిస్ మాత్రమే. ఆ దశలో మనం చెప్పింది ఆలోచన కిందికే వస్తే, రక్షణ ఏమీ లేనట్టేనా?

న్యాయవాది, హైదరాబాద్ (సమాధానం):

లేకపోలేదు, కాలయంత్రం గారూ. కాపీరైట్ అందని చోట విశ్వాస భంగం అనే మరో న్యాయసూత్రం అందుతుంది. ఒక ఆలోచనను నమ్మకంతో, గోప్యంగా, వ్యాపార ఉద్దేశంతో ఒకరికి చెప్పినప్పుడు, అది తగినంత స్పష్టంగా, విపులంగా రూపుదిద్దుకుని ఉంటే, విన్నవారు దాన్ని అనుమతి లేకుండా వాడుకోకూడదు. ‘స్వయంవర్’ అనే టీవీ కార్యక్రమం ఆలోచన విషయంలో 2002లో ఢిల్లీ హైకోర్టు, ‘కృష్ కన్హయ్యా’ అనే ధారావాహిక ఆలోచన విషయంలో 2003లో బొంబాయి హైకోర్టు ఇదే దారిలో ఆలోచన ఇచ్చినవారికి అనుకూలంగా ఉత్తర్వులిచ్చాయి. రెండు సందర్భాల్లోనూ వాళ్లను కాపాడింది ఏ సమావేశంలో ఎవరికి ఏం చెప్పారో చూపించే కాగితాలే. కాబట్టి కథ చెప్పి వచ్చిన రోజే, విన్నవారికి మర్యాదగా ఒక ఈమెయిల్ పంపండి: ఈరోజు మీకు ఫలానా కథ వినిపించాను, సినాప్సిస్ జత చేస్తున్నాను, ఇది గోప్యంగా ఉంచగలరు అని. ఇందులో ఎవరినీ అనుమానించినట్టు ఉండదు. ‘మీ కథ అవతలివారికి ఎలా అందింది’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు అదే మీకు సాక్ష్యం.

రాసిన కథకు కాపీరైట్ రాయగానే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా కాపీరైట్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకుంటే ఆ వివరాలను కోర్టు ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటుంది. రచయితల సంఘంలో స్క్రిప్టు నమోదు చేయించుకోవడం కూడా తేదీ నిరూపించడానికి ఉపయోగపడుతుంది. సినాప్సిస్‌తో సరిపెట్టకుండా, సన్నివేశాల వరుసతో సహా ట్రీట్‌మెంట్ (కథను విపులంగా రాసిన రూపం) నమోదు చేయించండి. ప్యారిస్‌లో గెలిపించింది ఆ వరుసేనని పైన చూశాం, ఇక్కడ దాని అవసరం ఇంకా ఎక్కువ. చట్టంలోని 62వ సెక్షన్ ప్రకారం రచయిత తాను నివసించే జిల్లాలోనే దావా వేసుకోవచ్చు కాబట్టి, నిర్మాత ముంబైలో ఉన్నాడనో చెన్నైలో ఉన్నాడనో వెనకాడనవసరం లేదు.

ఆలస్యం మాత్రం చేయకండి. నష్టపరిహారం దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది గానీ, విడుదల ఆపమని కోరేవాళ్లకు ఉండే సమయం వారాల్లోనే. టీజరో ట్రైలరో చూసి అనుమానం వచ్చిన వెంటనే నోటీసు పంపినవారి మాటకు కోర్టులో విలువ ఉంటుంది. విడుదలకు రెండు రోజుల ముందు పిటిషన్ పట్టుకుని వస్తే, కథలో ఎంత పోలిక ఉన్నా, ఇన్నాళ్లూ ఏం చేశారన్నదే న్యాయమూర్తి అడిగే మొదటి ప్రశ్న.